శిరస్త్రాణము తొలగించబడినది

మా అంతోనయ్య బావ సంగతి చెప్పాలంటే ముందు అతనికి ఏమేం వచ్చో చెప్పాలి. అన్నీ వచ్చు. ట్రాక్టరు వచ్చు, వరికోత మిషను వచ్చు, బోరు మోటారు విప్పడం వచ్చు. తిరిగి బిగించడం గురించి మాత్రం ఎవరూ అడగకూడదు. హిందీ వచ్చు. పంజాబు నుంచి వచ్చిన కోతమిషను యజమానితో ఒకసారి గంటసేపు హిందీలో మాట్లాడి, అడిగినదానికల్లా "హా జీ, హా జీ" అని తల ఊపి వచ్చాడు. దేనికి తల ఊపాడో తర్వాత తెలిసింది. ఆ ఏడాది మేమంతా క్రిస్మస్ పండగ చేసుకుంటుంటే అతను కర్ణాటకలో ఎక్కడో వరి కోస్తున్నాడు. ఈత కూడా వచ్చు. వైరా రిజర్వాయరులో దిగి మునిగిపోతుంటే చేపలు పట్టేవాళ్లు జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. నీళ్లు కక్కుతూనే "లోతెంతున్నదో చూస్తున్న" అన్నాడు.

ఇరవై ఏళ్లు కోతమిషను నడిపినవాడు కోతలు కోయకుండా ఎలా ఉంటాడని మేమూ సర్దుకుపోయాం. అతని భార్య ఇన్నమ్మ నాకు వరసకు చెల్లెలు. ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అందుకని అతన్ని ఏడిపించే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఆ హక్కును ఏనాడూ వృథా చేయలేదు.

కిందటేడు ఆ కోతమిషను యజమాని బండి అమ్ముకున్నాడు. బావ ఇంట్లో కూర్చున్నాడు. ఇన్నమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. పొద్దున్నే ఆమె పనికి పోతుంటే, నలభై నాలుగేళ్ల మొగుడు గడప మీద కూర్చుని పేపరు చదువుతూ కనిపించేవాడు. అదే పేపరు సాయంత్రం కూడా అతని చేతిలోనే ఉండేది. భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున, బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు ఒకతను ఆ మట్టి మోసే డంపర్లకు ఆపరేటర్లను తీసుకుంటున్నాడని ఆ పేపరులోనే చూశాడు. నలభై ఐదు దాటితే తీసుకోరు. గుర్తింపు ఉన్న సెంటరులో శిక్షణ పొంది పాసై ఉండాలి. ఆ ఉద్యోగం రాకపోతే ఇక తనకు ఏ బండీ దొరకదని బావకు తెలుసు. అందుకే వెంటనే చర్చిలో అందరికీ ఉద్యోగం వచ్చేసిందని చెప్పేశాడు.

ఆ గుర్తింపు ఉన్న సెంటరు నా జిరాక్స్ షాపుకు ఎదురుగానే ఉంది. దాని పేరు దివ్యదృష్టి హెవీ మెషినరీ స్కిల్ అకాడమీ. యజమాని ఆదినారాయణ. అదే రేకుల షెడ్డులో ఆయన అంతకుముందు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పించాడు, దానికి ముందు కుట్టుమిషన్లు పెట్టాడు, ఇంకా ముందు పుట్టగొడుగులు పెంచాడు. నాకు తెలిసి వాటిలో బాగా ఎదిగినవి పుట్టగొడుగులు మాత్రమే.

ఇప్పుడు అక్కడ డంపర్ లేకుండానే డంపర్ నేర్పిస్తారు. మిక్స్‌డ్ రియాలిటీ అంటారట. అంటే ఏమిటని నేనే ఆదినారాయణను అడిగాను.

"సగం నిజం, సగం అబద్ధం అన్నట్టు," అన్నాడు ఆయన.

ఆయన వ్యాపారాలన్నీ ఆ పద్ధతిలోనే నడిచాయి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. కుర్చీ నిజం. స్టీరింగు, పెడళ్లు, సీటు బెల్టు నిజం. నెత్తిన పెట్టే హెల్మెట్టు నిజం. దానికి ముందు వైపు, కళ్లు మూసేలా ఒక డబ్బా ఉంటుంది. అది తగిలించుకుంటే మన చేతులు, స్టీరింగు అలాగే కనిపిస్తాయి, చుట్టూ మాత్రం లేని గని కనిపిస్తుంది. లేని దారి మీద లేని బండిని నడపాలి. మన చేతులు ఏం చేస్తున్నాయో ఆ డబ్బా కనిపెట్టి మార్కులు వేస్తుంది. తప్పు చేస్తే తెలుగులో చెబుతుంది. ఆ తెలుగు రాసినవాడెవడో గానీ మనుషులతో మాట్లాడి చాలా ఏళ్లయి ఉంటుంది.

నేర్పే అమ్మాయి పేరు తిరుమల. కొత్తగూడెం వైపు పిల్ల, ఇంజనీరింగు చదివింది. స్కూటీ తప్ప ఇంకే బండీ నడపలేదు. ఆ మాట ఆమే చెప్పింది. దాచుకోనందుకు ఆ పిల్లంటే నాకు గౌరవం.

మొదటి పరీక్ష రోజు చూడాలని షాపు పనివాడికి అప్పగించి వెళ్లాను. బావ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కుర్చీ ఎక్కాడు, బెల్టు పెట్టుకున్నాడు, హెల్మెట్టు తగిలించుకున్నాడు. తాళం తిప్పాడు. తిప్పగానే, ఏ బండి ఎక్కినా ఎప్పుడూ చేసినట్టే, సిలువ గుర్తు వేసుకున్నాడు. పిత అని నుదురు, పుత్ర అని గుండె, పవిత్రాత్మ అని ఎడమ భుజం, కుడి భుజం ముట్టుకున్నాడు. ఆమెన్ అని రెండు చేతులూ జోడించాడు.

డబ్బా గంభీరంగా పలికింది: "శిరస్త్రాణము తొలగించబడినది. రక్షణ పట్టీ విడువబడినది. మీరు రక్షణలో లేరు. పరీక్ష ముగిసినది."

బండి అంగుళం కదల్లేదు. బావ ముఖం పాలిపోయింది. కిందికి దిగి నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"బావా, గా మిషన్ మనోళ్లది," అన్నాడు గుసగుసగా.

"మనోళ్లదంటే?"

"క్రీస్తోళ్లది. చర్చి భాష మాట్లాడుతుంది. శిరస్త్రాణమన్న మాట చర్చిల బైబిలు పాఠం చదివేటప్పుడు తప్ప ఇంకెక్కడన్న విన్నవా నువ్వు? నాకు రక్షణ లేదన్నది బావా. పేరు పెట్టి అనలే గానీ నన్నే అన్నది."

మా వాళ్లకు రక్షణ అంటే ఆత్మకు దొరికేది. సీటు బెల్టుకు ఆ పేరు పెడతారని ఎవరు మాత్రం అనుకుంటారు? అతనికన్నా ముందు ఎక్కినవాళ్లు స్టీరింగును కళ్లకద్దుకున్నారు. వాళ్లకూ డబ్బా మార్కులు కోసింది గానీ, వాళ్లకు అది పరలోకం సంగతి అనిపించలేదు, టీ తాగడానికి పోయారు. మా బావకు మాత్రం అన్నం సహించలేదు. నేను నవ్వలేదు. అంటే అతని ముందు నవ్వలేదు.

ఆ శనివారం ఫాదర్ దగ్గరికి పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లాడు. చిన్నప్పుడు కుసుమంచిలో పక్కింటివాళ్ల జామకాయలు దొంగిలించిన దగ్గర మొదలుపెట్టాడట. వెనక వరుసలో ఉన్న ముసలమ్మలు ఎంతసేపటికీ తమ వంతు రాకపోయేసరికి, ఈయన ఎవర్నో చంపి ఉంటాడని తీర్మానించుకుని ఇళ్లకు పోయారు.

అలా కడిగిన ముత్యంలా రెండో పరీక్షకు వచ్చాడు. ఈసారి సిలువ గుర్తు నిదానంగా, భక్తిగా, పెద్దగా వేసుకున్నాడు. చివర బొటనవేలు ముద్దు పెట్టుకున్నాడు. "శిరస్త్రాణము తొలగించబడినది," అంది డబ్బా. బావ అదిరిపడి "క్షమించు ప్రభూ" అని మళ్లీ వేసుకున్నాడు. "శిరస్త్రాణము తొలగించబడినది," అంది డబ్బా మళ్లీ. అతను వేసుకున్నకొద్దీ అది అంటూనే ఉంది, అది అన్నకొద్దీ అతను వేసుకుంటూనే ఉన్నాడు. చివరికి తిరుమల పరుగెత్తి వెళ్లి ప్లగ్గు పీకింది.

"అంకుల్, శిరస్త్రాణం అంటే హెల్మెట్ అంకుల్," అంది ఆ పిల్ల, ఆయాసపడుతూ. "మీరు నుదురు ముట్టుకుంటే హెల్మెట్ తీసిండ్రనుకుంటుంది. భుజాల మీదికి చెయ్యి పోతే బెల్టు విప్పిండ్రనుకుంటుంది. చేతులు జోడిస్తే స్టీరింగ్ వదిలిండ్రనుకుంటుంది. జర చెయ్యి లేపకుండ్రి, గంతే."

"అంటే నాకు రక్షణ ఉన్నట్టేనా బిడ్డా?"

"అది నాకెట్ల తెలుస్తది అంకుల్? బెల్టు మాత్రం ఉంది."

మూడో పరీక్ష ఆఖరిది. అందులో తప్పితే వయసు కూడా దాటిపోతుంది. చెయ్యి లేపకూడదని తెలిసింది గానీ, ఆ సంగతి చేతికి తెలియదు కదా. ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్టీల్ పళ్లెం స్టీరింగులా పట్టుకునేవాడు. ఇన్నమ్మ గరిటె పట్టుకుని పక్కన నిలబడేది. అతను "స్టార్ట్" అనగానే చెయ్యి నుదుటి వైపు లేచేది, గరిటె వేళ్ల మీద పడేది. ప్రార్థన చేస్తున్న చెయ్యిని కొట్టినందుకు ఇన్నమ్మ వెంటనే సిలువ గుర్తు వేసుకునేది. ఆమెను చూసి అతనూ వేసుకునేవాడు. మళ్లీ గరిటె. గోడ అవతల నుంచి ఈ చప్పుడు వింటూ మా ఇంట్లో అందరం భోజనాలు చేసేవాళ్లం.

వేళ్లు వాచాక చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది. అప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. బావకు ఆ బండి రాదు. కోతమిషను చదును పొలంలో నడుస్తుంది. డంపర్ ఇల్లంత ఎత్తున ఉండి, మలుపులు తిరిగే ఏటవాలులో దిగాలి. ప్రాక్టీసులో అతను గట్లు గుద్దాడు, బండిని గుంటలో పడేశాడు. ఆ లేని గనిలో నీలం చొక్కాల మనుషులు అటూ ఇటూ నడుస్తుంటారు, వాళ్లనూ తొక్కాడు. "ఒక వ్యక్తి ఢీకొనబడెను. ఐదు మార్కులు తగ్గించబడినవి," అనేది డబ్బా. తొక్కిన మనిషి లేచి, చొక్కా నలగకుండా నడుచుకుంటూ పోయేవాడు.

"అంకుల్, మనిషి!" అని అరిచేది తిరుమల.

"లేచిండు గద బిడ్డా. ఐదే గదా పోయినయి."

నాకు నవ్వొచ్చింది. తిరుమలకు రాలేదు.

మూడో పరీక్ష రోజున సెంటరును చూడడానికి పైనుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. ఆదినారాయణ గుమ్మానికి బంతిపూల దండలు కట్టించాడు. వచ్చినవాళ్ల ముందు ఒక్కరు కూడా తప్పకూడదని ఆయన పట్టుదల. వాళ్లు జీడిపప్పు తింటుంటే తిరుమలను పక్కకు పిలిచాడు. ఆ పక్క అంటే నా షాపు ముందరే.

"మొన్న నువ్వు మంచిగ నడిపినవ్ చూడు, గది రికార్డయి ఉందిగా? గది పెద్ద టీవీల ఎయ్యి. అంతోనయ్య డబ్బాను ఆఫ్ చెయ్యి. ఊరికే స్టీరింగ్ తిప్పుతుంటడు."

"సార్, ఆయన మనుషులను తొక్కుతుండు సార్."

"గనిల మనుషులు తక్కువే ఉంటరమ్మా."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మిషన్లో కాగితం సర్దుకున్నాను. ఆమె తలదించుకుని లోపలికి పోయింది. ఆ సెంటరు ఆదినారాయణది, ఆమె ఉద్యోగం కూడా ఆయన చేతిలోనే ఉంది.

బావ కుర్చీ ఎక్కాడు. డబ్బా తగిలించుకుంటే కటిక చీకటి. కరెంటు పోయిందనుకున్నాడట. చప్పట్ల చప్పుడు వినిపిస్తుంటే దిగడానికి మొహమాటపడి, తోచినట్టు స్టీరింగు తిప్పుతూ కూర్చున్నాడు. భయంతో సిలువ గుర్తు ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్క లేదు. డబ్బా ఒక్క మాట అనలేదు. టీవీలో మాత్రం డంపర్ పెళ్లికూతురిలా మెల్లగా దిగి, మట్టి పోసి, తిరిగి వచ్చింది. తొంభై ఆరు మార్కులు. తనిఖీవాళ్లు లేచి బావకు చెయ్యిచ్చారు.

ఇంకొకడైతే ఇదేమిటని అడిగేవాడు. మా బావ మూడు నిమిషాలు అనుమానపడ్డాడు, నాలుగో నిమిషంలో నమ్మేశాడు.

"కండ్లకు ఏం కనవడలే బావా. దేవుడే నడిపిండు," అన్నాడు నాతో. సాయంత్రానికి అది "కండ్లు మూసుకొని నడిపిన" అయింది. ఆదివారానికి మాట ఫాదర్ చెవిన పడి, ఆయన పూజ చివర అందరి ముందూ అభినందించాడు. సెంటరు గేటుకు బావ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. "మా విజేత" అని కింద అక్షరాలు. అతను రోజుకు రెండుసార్లు నా షాపుకు వచ్చి అవసరం లేని జిరాక్స్‌లు తీయించుకుంటూ ఆ ఫ్లెక్సీ చూసుకునేవాడు.

పనిలో చేరిన రోజు ఏం జరిగిందో నేను చూడలేదు. బావ చెప్పినదాంట్లో ఎప్పుడూ సగం కొట్టేస్తాను గానీ, ఈ ఒక్కదాంట్లో కొట్టేయడానికి ఏమీ దొరకలేదు.

అక్కడి ఫోర్‌మన్ పేరు చందర్. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మార్కులు చూసి డంపర్ వైపు చెయ్యి చూపించాడు. బావ నిచ్చెన పట్టుకుని ఎక్కాడు. పైన కూర్చుంటే కింద నేల పరాయి దేశంలా ఉందట. తాళం తిప్పాడు. ఈసారి ఆపేవాళ్లెవరూ లేరు, సిలువ గుర్తు నిండుగా వేసుకున్నాడు. కాలు పెడల్ మీద పెట్టాడు.

అప్పుడు నీళ్ల ట్యాంకరు దగ్గర పనిచేసే ఒక ఆడమనిషి, చేతిలో టిఫిన్ డబ్బాతో, కుడి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. డంపర్ ముక్కు కిందికి వచ్చాక ఇక కనిపించలేదు. అంత ఎత్తు నుంచి ముందున్న నేల కనిపించదు. ఎడమ వైపు నుంచి బయటికి వస్తుందని బావ చూశాడు. రాలేదు. ఇంకా చూశాడు. రాలేదు. బండి కదిలిందో లేదో తెలియదు, ఇంజను రొదకు ఒళ్లంతా అదురుతోంది. మార్కులు పోయాయని చెప్పే గొంతు కోసం చెవులు రిక్కించానని నాకు చెప్పాడు. ఆ మాట చెబుతూ ఏడ్చాడు. అతను ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

టిఫిన్ డబ్బా మూత జారి పడితే ఏరుకోవడానికి ఆమె వంగిందట. కొంగుతో మూత తుడుచుకుంటూ ఎడమ వైపు తేలింది. తల పైకెత్తి, "హారన్ కొట్టకుండ స్టార్ట్ చేసినవేందిరా, కండ్లు నెత్తికెక్కినయా?" అని తిట్టింది. అంత తియ్యని తిట్టు తన జన్మలో వినలేదన్నాడు బావ.

తాళం తీశాడు. నిచ్చెన దిగాడు. చందర్ దగ్గరికి వచ్చి, "నాకు రాదన్నా," అన్నాడు.

"ఏం రాదు?"

"నడుపుడు రాదు. గా తొంభై ఆరు నావి కావు. ఎవరియో నాకు తెల్వదు."

చందర్ అన్నాడట: "పోయిన నెల గదే సెంటర్ల నుంచి ఒకడు వచ్చిండు. వానికి తొంభై ఎనిమిది. వాడు గీ మాట చెప్పలే. వాని బండి కింద పడ్డది నా తమ్ముడు. రెండు కాళ్లు తీసేసిండ్రు. ఇంకా దవాఖానాలనే ఉన్నడు."

ఉద్యోగం అక్కడితో అయిపోయింది. చందర్ తన బండి మీద అతన్ని మెయిన్ రోడ్డు దాకా దింపి, బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడట.

ఆ సాయంత్రం గోడ అవతల ఏం జరుగుతుందా అని నేను నిజంగానే చెవి పెట్టి విన్నాను. ఏడాదిగా ఒంటి జీతంతో ఇల్లు లాగిన ఇన్నమ్మ ఏమంటుందోనని నాకే భయంగా ఉంది. బావ జరిగినదంతా చెప్పాడు.

"దిగినవు గద. మంచిగ చేసినవ్," అంది ఇన్నమ్మ. "లే, కాళ్లు కడుక్కో."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని మెచ్చుకోగా నేను విన్నది అప్పుడే.

మర్నాడు పొద్దున బావ ఆదినారాయణ దగ్గరికి పోయి ఫ్లెక్సీ తీసేయమన్నాడు. "ప్లేస్‌మెంట్ అయినట్టే గద అంతోనయ్యా, ఒక్కరోజైనా ఉద్యోగం చేసినవ్ గద," అని ఆయన నవ్వుతూ టీ తెప్పించాడు. బావ టీ తాగలేదు. తిరుమల అక్కడే ఉండి అంతా వింది. మధ్యాహ్నం బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోలేదు.

బావ తిన్నగా నా షాపుకు వచ్చాడు.

"బావా, ఒక కాగితం కొట్టు. నీ దగ్గరున్నంత పెద్దది."

"ఏమని కొట్టాలె?"

"నాకు డంపర్ నడుపుడు రాదు. ఇట్లు, అంతోనయ్య."

కొట్టి ఇచ్చాను. చూసి పెదవి విరిచాడు. అక్షరాలు ఇంకా లావుగా ఉండాలన్నాడు. మళ్లీ కొట్టాను. తన పేరు మరీ చిన్నగా ఉందన్నాడు. మళ్లీ కొట్టాను. కాగితం తీసుకుని రోడ్డు దాటి, గేటు మీది తన ఫ్లెక్సీలో "మా విజేత" అన్న చోట జిగురు రాసి, అరచేత్తో నాలుగు మూలలా అదిమి అంటించాడు. అప్పుడే కుర్రాళ్లిద్దరు చేరడానికి వచ్చి గేటు దగ్గర ఆగారు. ఫొటో చూశారు, కాగితం చదివారు, ముఖాలు చూసుకున్నారు.

"ఈ అంతోనయ్య ఎవరన్నా?" అని అడిగాడు వాళ్లలో ఒకడు.

మా బావ ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నేనే," అన్నాడు.